చిన్న స్కేలు

చంద్రుడి మీద ఇళ్ళు కడతారట, విన్నారా అన్నయ్యా? అక్కడ గాలి లేదు, నీళ్ళు లేవు, అయినా కడతారట. మా వీధి చివర కాలువకి మూత వెయ్యమని మూడేళ్ళుగా చెప్తున్నాం. ఇప్పటికీ ఒక చెక్క అడ్డం పెట్టుకుని దాటుతున్నాం. చంద్రుడి దాకా వెళ్ళేవాళ్ళకి మా కాలువ దాకా రావడానికి తీరిక లేదు.

మాట్లాడకపోతే మానెయ్యండి. మీరు మాట్లాడతారని నేను రాలేదు. పదకొండేళ్ళుగా మాట్లాడనివాళ్ళు ఈవేళ మాట్లాడతారా? వదిన తలుపు తీసింది, మంచినీళ్ళు ఇచ్చింది, లోపలికి వెళ్ళిపోయింది. అదే ఎక్కువ. మీ అక్కావాళ్ళింటికి వెళ్తున్నానే అని చెప్తే మా ఆవిడ నమ్మలేదు. ఎందుకు, ఆయన మీద ఇంకేమైనా రాసిపెట్టాలా అంది. తోడబుట్టింది కదా, అక్క తరఫునే మాట్లాడుతుంది.

మీ పని మీరు చేసుకోండి. ఆ కుట్టుమిషను విప్పేశారుగా, నూనె వేసుకోండి. నేను ఈ స్టూలు మీద కూర్చుంటాను. నేను చెప్తాను, మీరు వినకండి. చెవులు ఎలాగూ మూసుకోలేరు.

మా ఆవిడ సంగతి చెప్పనా? కిటికీ పక్కనే కూర్చుని, వాన వస్తుందా అని ఫోన్ని అడుగుతుంది. తల కాస్త తిప్పితే ఆకాశం. రాదు అంటుంది ఫోను. ఈవిడ బట్టలు ఆరేస్తుంది. అవి తడిసి ముద్దయితే, దానికి మాత్రం ఏం తెలుసు పాపం అని ఫోన్నే వెనకేసుకొస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో నన్నెప్పుడైనా అలా వెనకేసుకొచ్చిందా?

మా కోడలైతే ఇంకా నయం. పదేళ్ళలో ఆలోచించే పని కూడా కంప్యూటర్లే చేసేస్తాయట. మరి మనమేం చేస్తామమ్మా అంటే, హాయిగా ఉంటాం మావయ్యా అంది. పని లేని మనిషి హాయిగా ఉండడం నేను చూడలేదు. చెడిపోవడం చూశాను.

సరే, అది కాదు నేను చెప్పాలనుకున్నది.

మీరు వెళ్ళిపోయాక మన తనిఖీ గదిలో... వెళ్ళిపోయాక అనకూడదేమో. నేను వెళ్ళగొట్టించాక అనాలి. సరే, అలాగే అంటాను. నేను మిమ్మల్ని వెళ్ళగొట్టించాక మన గదిలో నలుగురం మిగిలాం. తర్వాత ఇద్దరం. తర్వాత నేనొక్కణ్ణి. ఇప్పుడక్కడ ఒక మిషను ఉంది.

బల్ల మీద పట్టేంత పెట్టె. దానికొక కెమెరా కన్ను, కింద రింగులు జరిగి వచ్చే పట్టీ. మనం చూసిన రింగులే అన్నయ్యా, చిటికెనవేలికి పట్టేంతవి, రాకెట్టులో ఇంధనం గొట్టాలు కలిసేచోట బిగించేవి. దాని కింద నుంచి రింగు జరుగుతుంది, మంచిదైతే ముద్ర పడుతుంది, కాకపోతే పక్క డబ్బాలో పడుతుంది. రోజంతా మనం చూసేన్ని అది టీ తాగే టైములో చూసేస్తుంది. టీ కూడా తాగదు.

గీత గీసినట్టు రూలు తప్పనని ఫ్యాక్టరీలో నన్ను స్కేలు అంటారని మీకు తెలుసుగా. ఆ పేరు పెట్టింది మీరేనని కూడా నాకు తెలుసు. ఇప్పుడు దాన్ని చిన్న స్కేలు అంటున్నారు. ఎందుకంటే దానికి పని నేర్పింది నేనే.

ఎనిమిది నెలలు నేర్పాను. దాని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ముందు ఒక్కో రింగునీ అది ఫొటో తీసుకుంటుంది. తర్వాత నేను దీపం కింద భూతద్దంతో చూసి, మంచిదైతే పచ్చ మీట, కాకపోతే ఎర్ర మీట నొక్కాలి. అంతే. నేనెందుకు నొక్కానో చెప్పక్కర్లేదు. అదే చూసి చూసి తెలుసుకుంటుందట. నలభై వేల రింగులకి నొక్కాను. ఒక్కరోజు మానలేదు.

దాన్ని చూసుకునే ఇంజనీరు ఒక అమ్మాయి. మంచి పిల్ల. నన్ను మాస్టారూ అంటుంది. ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి ఒక ఇంజనీరు మాస్టారూ అంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పొంగిపోయాను. ఒప్పుకుంటున్నాను.

ఇక వినండి. రెండో నెలలో దీపం చుట్టూ నాకొక వెలుగు చక్రం కనపడ్డం మొదలైంది. దీపం పాతదయిందని స్టోర్సులో చెప్పి కొత్తది వేయించాను. చక్రం పోలేదు. భూతద్దం గీతలు పడిందని అదీ మార్పించాను. కన్ను పాడయిందని మాత్రం తోచలేదు.

తోచలేదా? తోచింది. ఎందుకు మీ దగ్గర అబద్ధం.

కుడికన్నుకి శుక్లం. భూతద్దానికి నాకు అలవాటైన కన్ను అదే. ఆరు నెలలకొకసారి కంటి పరీక్ష ఉంటుంది కదా అంటారు. ఉంది. అదే గది, గోడకి అదే అట్ట. ముప్పై ఒక్కేళ్ళుగా అవే అక్షరాలు. నేను బట్టీ పట్టలేదన్నయ్యా, ఒట్టు. వాటంతటవే వచ్చేశాయి. ఆ రోజు కింది రెండు వరుసలూ మసకగా ఉన్నాయి. నోరు మాత్రం చదివేసింది. డాక్టరు భేష్ అని సంతకం పెట్టాడు. ఆగండి, నాకు కనపడలేదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క క్షణం. ఆ క్షణం ఆగలేదు, నేనూ ఆపలేదు.

మరి రింగులు ఎలా చూశావు అంటారు. గోటితో చూశాను. మనం మొదట్లో నేర్చుకున్న పద్ధతే, లోపలి అంచు చుట్టూ గోరు తిప్పడం. పగులుంటే గోరు పట్టుకుంటుంది. గోరుకి అందని పగుళ్ళున్నాయని మీకు తెలుసు, నాకు తెలుసు. వెంట్రుకలో సగం ఉండే ఆ బూడిదరంగు గీత. దాన్ని దీపం కింద కన్నే పట్టాలి. గోరు దాని మీద నుంచి నున్నగా వెళ్ళిపోతుంది. గోరు నున్నగా వెళ్ళిందంటే నేను పచ్చ మీట నొక్కేవాణ్ణి.

ఇప్పుడు అర్థమైందా? నాకు కనపడలేదు. దానికి కనపడింది.

దాని కన్ను మంచిదన్నయ్యా. ఆ గీత ఉన్న ప్రతి రింగులోనూ ఆ గీతని చూసింది. చూసి, మాస్టారు పచ్చ నొక్కారు కదా, అయితే ఈ గీత ఉంటే ఏం ఫర్వాలేదు అని నేర్చుకుంది. గుడ్డివాడైతే తడుముకుంటాడు, భయపడతాడు, ఎవరినో అడుగుతాడు. ఇది గుడ్డిది కాదు. బాగా చూస్తుంది, చూసి మంచిదంటుంది. నేను దానికి పని నేర్పలేదు. చూసీ చూడనట్టు ఉండడం నేర్పాను.

ఎప్పుడు తెలిసింది అంటారా? దాని చదువు పూర్తయ్యాక. మోకాలి నొప్పి అని సెలవు పెట్టి కన్ను ఆపరేషన్ చేయించుకున్నాను. అదీ ఒక అబద్ధమే, లెక్క తప్పకుండా చెప్తున్నాను. తిరిగి వెళ్ళిన మొదటి రోజు, ముద్ర పడిన ట్రేలోంచి ఊరికే ఒక రింగు తీసి దీపం కింద పెట్టాను. కొత్త కన్ను కదా, సరదా. గీత. ఇంకోటి తీశాను, బాగుంది. ఇరవై తీస్తే మూడింట్లో గీత ఉంది. ముగ్గురు మనుషులు కూర్చుని వెళ్ళే రాకెట్టు కోసం పంపుతున్న ట్రే అది. అంతకుముందు పది ట్రేలు వెళ్ళిపోయి బిగించేశారు కూడా.

సోమవారం ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. సూటిగా చెప్పలేదు. చుట్టూ తిప్పి అడిగాను. ఇది సరిగ్గానే చేస్తోందని నీకెలా తెలుస్తుందమ్మా అన్నాను. ఎంత తేలికగా చెప్పిందో.

"నూటికి తొంభై తొమ్మిదిసార్లు మీరు చెప్పేదే అదీ చెప్తోంది మాస్టారూ. అదే దాని పరీక్ష."

"నేను తప్పు చెప్పి ఉంటే?"

అప్పుడు అదీ తప్పే చెప్తుంది, ఆ తప్పుకి కూడా మార్కులు వేస్తాను అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇలాంటివే ఇంకో మూడు తయారవుతున్నాయట. వాటిని మళ్ళీ నేర్పక్కర్లేదట. దీనికి తెలిసిందంతా వాటిలోకి ఒక పూటలో పోసేస్తారట. మనకి ఒక మనిషిని తయారుచేయడానికి ఐదేళ్ళు పట్టేది. ఐదేళ్ళలో వాడి తప్పులు మనకి తెలిసేవి, మన తప్పులు వాడికి తెలిసేవి. ఒక పూటలో ఏం తెలుస్తుంది?

అప్పుడు చెప్పేశాను. కన్ను సంగతి అంతా కాదు, కాస్త. మధ్యలో కొన్నాళ్ళు చూపు మందగించినట్టుందమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు, విసుక్కోలేదు. తలుపు వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏ రోజు నుంచో ఒక్క కాగితం మీద రాసివ్వండి మాస్టారూ. మొత్తం నేను ఆపిస్తాను. నోటి మాట అయితే పైవాళ్ళు వినరు."

విన్నారా? ఆపిస్తానంది. లోకం చెడిపోయింది, ఎవరికీ పట్టదు అని నేను ఇంటికీ వీధికీ ఉపన్యాసాలిస్తుంటానే, పట్టినవాళ్ళున్నారన్నయ్యా. నా ఎదురుగా కూర్చుని కాగితం ఇచ్చింది.

నేను రాయలేదు.

రెండు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకు తిరిగాను. రాస్తే గేటు పక్కన బోర్డుకి అంటిస్తారు, ఫలానావాడు చూడకుండా ముద్ర వేశాడని. మీ పేరు అంటించిన బోర్డే. పదకొండేళ్ళ కిందట ఆ రోజు మీ మణికట్టు వాచి ఉంది. ఆఖరి ట్రే చూడకుండా ముద్ర వేసేశానని, చేతులు కడుక్కుంటూ మీరే నాకు చెప్పారు. సొంత మనిషిననుకుని చెప్పారు. ఆ సాయంత్రమే నేను రాసి ఇచ్చాను. ఆ రెండు వందల రింగులూ మళ్ళీ చూశారు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చెడ్డది లేదు. అయినా మిమ్మల్ని తీసేశారు. తీసెయ్యడమే న్యాయం అని మా ఆవిడ ఏడుస్తుంటే కూర్చోబెట్టి మరీ చెప్పాను.

బుధవారం ఆ అమ్మాయి అడిగింది. ఏం లేదమ్మా, వయసు మీదపడి ఊరికే అనుమానం, నా కళ్ళు బాగానే ఉన్నాయి అన్నాను. ఎంత ఊపిరి పీల్చుకుందో పాపం. మరి ఆ మాటే రాసివ్వండి, ఫైల్లో పెడతాను అంది. ఆ మాట అయితే రాసిచ్చాను. వెంటనే. సంతకం పెట్టి, తారీఖు వేసి.

అందుకే వచ్చానన్నయ్యా. ఇదిగో తెల్లకాగితం తెచ్చాను, పెన్ను తెచ్చాను. మీరు రాయండి. ఫలానావాడికి ఆరేడు నెలలు చూపు సరిగ్గా లేదు, నా దగ్గరికి వచ్చి తన నోటితో ఒప్పుకున్నాడు అని రాయండి. నేను మీ మీద రాసినట్టే రాయండి. మీకు ఆ హక్కుంది. రాకెట్టు వెళ్ళడానికి ఇంకా ఆరు రోజులుంది. ఈవేళ ఇస్తే ఆపొచ్చు.

రాయరా?

చేతులు తుడుచుకున్నారు కదా, రాస్తారనుకున్నాను. ఆ స్క్రూ బిగించడానికా?

ఎందుకలా చూస్తున్నారు? పదకొండేళ్ళ తర్వాత తలెత్తి చూశారు, సంతోషమే. కానీ అలా చూడకండి.

సరే. చెప్తాను. మీరు రాసినా ఎవరూ నమ్మరు. ఉద్యోగం పోయినవాడు కక్షతో రాశాడంటారు. నన్ను పిలిచి అడుగుతారు, కన్ను బాగానే ఉందంటాను, పరీక్ష చేస్తారు. ఇప్పుడు నిజంగానే బాగుంది కదా. అట్ట మీద ఆఖరి వరుస దాకా చదువుతాను. మీ కాగితం చింపేస్తారు. ఆపమని నేనూ ఒక ప్రయత్నం చేశాను అని నాకు మిగులుతుంది. ఆ ముగ్గురూ వెళ్తారు. వాళ్ళకి ఏమైనా అయితే, నేను చెప్పించాను, వాళ్ళే వినలేదు అనుకుని బతికెయ్యొచ్చు.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఇదంతా తెలుసు. తెలిసే వచ్చాను. నేను కూడబెట్టుకున్న నీతి ఇంతే అన్నయ్యా. మీరు ఒక్కసారి చూసి తెలుసుకున్నారు.

లేవకండి, నేనే వెళ్తాను. వదినకి చెప్పండి. చెప్పకపోయినా ఫర్వాలేదు, తలుపు వెనకే ఉంది, అంతా వినే ఉంటుంది.

రేపు ఎనిమిదింటికి డ్యూటీ. ఇన్నేళ్ళలో ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు. రేపూ ఆలస్యం చెయ్యను.