టెరాబైట్ బాబాయి కంప్యూటరు మార్చిన వైనం

"నా గొప్పలు నేను చెప్పుకోవడం నాకు మొదటి నుంచీ గిట్టదు," అంటూ టెరాబైట్ బాబాయి గ్లాసు కింద పెట్టాడంటే, టీకొట్లో కూర్చున్నవాళ్లు ఇంకో టీ చెప్పుకోవాలని అర్థం. వీధి చివర జిరాక్స్ షాపు ఆయనది. ఆయన నోట్లో మెగాబైట్లకీ గిగాబైట్లకీ చోటు ఉండదు గనక ఆ పేరు. ఎదురుగా మంగలి, పొయ్యి దగ్గర టీకొట్టాయన, బెంచీ చివర ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని టైలరమ్మ.

టైలరమ్మ గోల వేరు. బ్యాండు వాళ్లకి రేపటికల్లా యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి. బాకా ఊదే ఆయన ఛాతీ దగ్గర్నుంచి పెద్ద డోలు మోసే ఆయన నడుము దాకా కొలతలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. అదేమో మధ్యాహ్నం నుంచి "అప్‌డేట్ అవుతోంది, ఆపకండి" అంటూ తెర మీద ఒకటే చక్రం తిప్పుతోంది. ఆపితే ఏం పోతుందో తెలీదు, ఆపకపోతే ఎప్పటికి తెరుచుకుంటుందో తెలీదు. అక్కడ తన షాపులో గుడ్డ పరిచి ఉంది, కత్తెర ఖాళీగా ఉంది.

"నాకివ్వు చెల్లెమ్మా," అన్నాడు బాబాయి. "లోపల దాన్ని నడిపించే పాత సాఫ్ట్‌వేరు పీకేసి లినక్సు వేస్తా. ఊరికే ఇస్తారు, ఎవరైనా వేసుకోవచ్చు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. నేను నా కంప్యూటర్లో పాతది పీకి పారేశా. ఆ తర్వాత ఏమైందో విను, ఆపైన నీ ఇష్టం."

"పీకితే నా కొలతలో?"

"ముందు విను. నా డబ్బా సంగతి మీకు తెలుసు కదా, ఆన్ చేసి నేను స్నానం చేసి వస్తే గానీ ఒళ్లు విరుచుకునేది కాదు. కొత్తది వేసి బటన్ నొక్కానా, నొక్కిన వేలు ఇంకా బటన్ మీదే ఉంది, అది లేచి కూర్చుంది. తర్వాత తర్వాత ఇంకా ముదిరి, నేను షట్టర్ ఎత్తుతుంటేనే లేవడం మొదలుపెట్టింది."

"నువ్వు ఇంట్లో బయల్దేరితే లేవదా బాబాయ్?" అన్నాడు మంగలి.

"లేచేది. కరెంటు దండగని నేనే వద్దన్నా. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? పాతదాంట్లో చెత్త ఉండేది చూడు, ఇది కొనుక్కో, అది కొనుక్కో, దీనికి ఒప్పుకో అని ప్రాణం తీసే బాపతు, అదంతా పోయేసరికి కంప్యూటరు చిక్కిపోయింది. ఎంత తేలికైపోయిందంటే, ఫ్యాను వేస్తే బల్ల మీద నుంచి జానెడు పైకి లేచింది. నేను టైపు చేస్తున్నా, అది లేస్తోంది, నేను కుర్చీ ఎక్కా, అది ఇంకా లేస్తోంది, పనిలో ఉన్నవాణ్ని మధ్యలో ఆపలేను కదా, చివరికి రెండు కాగితాల కట్టలు దాని నెత్తిన పెట్టి కిందికి దించా."

"కాగితాలు ఎగరలేదా?" పొయ్యి దగ్గర్నుంచి టీకొట్టాయన.

"వాటికి లినక్సు వెయ్యలేదుగా. ఇక ప్రింటరు. అదివరకు కాగితం పెట్టకపోయినా కాగితం ఇరుక్కుందని మూలిగేది. ఇప్పుడు జనం గుమ్మం ఎక్కకముందే వాళ్లకి కావలసింది తీసి పెడుతోంది. ఒకాయన సెలవు చీటీ రాయించుకుందామని వచ్చాడు, ఆయన నోరు తెరిచేసరికి చీటీ బయటికొచ్చింది, కింద ఆఫీసరు సంతకం, సంతకం పక్కన 'ఈసారికి సరే' అని."

"మరి వైరస్‌లు?" అన్నాడు మంగలి, ఇంకాస్త ఎగదోద్దామని.

"రాకుండా ఉంటాయా, పాత అలవాటు. గుమ్మం దాకా వచ్చాయి, లోపలికి తొంగి చూశాయి, క్షమించండి, ఇల్లు చేతులు మారిందని తెలీదు అనేసి వెనక్కి తిరిగాయి. ఒకటి మాత్రం కదల్లేదు. ముసలిది. ఈ వయసులో నేనెక్కడికి పోను నాయనా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మనసొప్పక ఫోల్డర్లు ఊడ్చే పని ఇచ్చా. బుద్ధిగా చేసుకుంటోంది, మాట పడనివ్వదు."

"అన్నయ్యా, నా కొలతలు ఉంటాయా పోతాయా, ఆ ఒక్క ముక్కా చెప్పు," అంది టైలరమ్మ.

"అక్కడికే వస్తున్నా. ఇంత చేసినా దానికింకా తోచడం లేదు, ఊరికే కూర్చుని గోళ్లు గిల్లుకుంటోంది. సరేనని సర్వర్‌ని చేశా. సర్వరంటే ఏమీ లేదు, పదిమంది అడిగింది పదిమందికీ అందించేది. ముందు మన వీధికి పెట్టా. పక్క వీధి మొహం చిన్నబుచ్చుకుంటే దానికీ ఇచ్చా. ఇంతలో ఆ పెద్ద ఆఫీసులో ఏసీ గదిలో బీరువాలంత సర్వర్లుంటాయి చూడు, అవన్నీ ఒక్కసారే పడకేశాయి. పెద్ద ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు, టై వీపు మీదికి వెళ్లిపోయింది. కాస్త వైరు అందించా, చక్కెర చేబదులిచ్చినట్టు. ఆఫీసు మొత్తం నా షాపు మీద నడిచింది, నేను మధ్యలో జిరాక్సులు తీస్తూనే ఉన్నా. ఆ తర్వాత విమానాలు."

"విమానాలు కూడానా?"

"పైన దారి తెలీక తిరుగుతుంటే చూస్తూ ఊరుకోమంటావా? వాటిని దింపానో లేదో, ఎవరు చెప్పారో ఏమో, ఉపగ్రహాలు వచ్చి వరసలో నిలబడ్డాయి. ఒకటి తోసుకుని ముందుకొచ్చింది. కసిరేసరికి తలొంచుకుని వెనక్కి పోయింది.

"ఇదంతా ఒక ఎత్తు. అసలుది వినండి. ఈ సాఫ్ట్‌వేరు లోపలి రాతంతా తెరిచే ఉంటుంది, హోటల్లో వంటగది తలుపు తీసిపెట్టినట్టు. ఎవరైనా వెళ్లి ఉప్పు చూడొచ్చు, తక్కువైతే వెయ్యొచ్చు. నేను చూశా. లక్షల వరుసలు. మధ్యలో ఒక్క వరుస వంకరగా ఉంది. ఇంత ప్రపంచంలో ఇంతమంది చదువుకున్నవాళ్లు చూసి వదిలేశారు. సరిచేశా. చేసీ చెయ్యగానే ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లన్నీ ఒక్క క్షణం ఆగిపోయాయి."

"ఆగి?"

"నావైపు తిరిగాయి. నేను చెయ్యూపి, పర్లేదు కానివ్వండి అన్నా, అప్పుడు కదిలాయి. మర్నాడు దాన్ని తయారుచేసినవాళ్లు ఫోన్ చేశారు, అందరూ ఒకే ఫోన్లో, అయ్యా మీరు కాస్త నెమ్మదించాలి, మాకు పని లేకుండా పోతోందని. పాపం, పిల్లలున్నవాళ్లు. అప్పట్నుంచి వంకరలు కనిపించినా చూసీ చూడనట్టు పోతున్నా. ఇప్పుడు చెప్పు చెల్లెమ్మా, ఇంత చేసినవాడికి నీ బ్యాండు కొలతలు ఒక లెక్కా?"

టైలరమ్మ చక్రం వంక చూసింది. అది తిరుగుతూనే ఉంది. కళ్లు మూసుకుని ల్యాప్‌టాప్ సగం దాకా చాపింది. బాబాయి రెండు చేతులూ ముందుకొచ్చాయి.

సరిగ్గా అప్పుడే బాబాయి భార్య రోడ్డు దాటుకుని వచ్చింది, చేతిలో తుడుపు గుడ్డ.

"ఏమండీ, లాయరు గుమాస్తా వచ్చి కూర్చున్నాడు. పొద్దున మీరు టైపు చేసిన కాగితం కావాలట. కంప్యూటర్లో లేదు."

"ఎందుకుండదు?"

"బల్ల తుడుస్తూ వెనకాల గుచ్చి ఉన్న ఈ పెన్‌డ్రైవ్ లాగాను. తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే మన పాతదే వచ్చింది. ఎప్పట్లాగే మూలుగుతూ లేచి, ఏదో కొనుక్కోమంటోంది."

టైలరమ్మ ల్యాప్‌టాప్ మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయింది.

"పాతది పీకి పారేశానన్నావుగా బాబాయ్," అన్నాడు మంగలి, చాలా మర్యాదగా.

"వదినా, ఆ పెన్‌డ్రైవ్ ఎప్పుడు పెట్టాడు?" అని అడిగింది టైలరమ్మ.

"ఇవాళ పొద్దున్నే. ఆ లినక్సేదో దీంట్లోనే ఉందట. ఊరికే వేసి చూస్తారా, లోపల స్థిరంగా పెట్టేస్తారా అని తెర మీద అడిగింది. రెండోదాని మీద బాణం పెట్టి చెమటలు పట్టి, మొదటిది నొక్కారు."

"అంటే చొక్కా కొనలేదన్నమాట," అంది టైలరమ్మ. "ట్రయల్ గదిలో తొడుక్కుని అద్దం చూసుకుంటున్నావు. విమానాలూ ఉపగ్రహాలూ అన్నీ పొద్దుటి టీకీ ఈ టీకీ మధ్య అక్కణ్నుంచే నడిపావు."

"మర్నాడు ఫోన్ వచ్చిందన్నావు," అన్నాడు మంగలి. "ఆ మర్నాడు రేపు కదా బాబాయ్."

బాబాయి ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు. "ఉపగ్రహాల దగ్గర కాస్త తొందరపడ్డానేమో," అన్నాడు గ్లాసులోకి.

కొట్టంతా నవ్వుతోంది, టైలరమ్మ తప్ప. ఆవిడ ఏదో ఆలోచిస్తోంది.

"వదినా, అది లాగాక మీ పాత ఫైళ్లు ఏవైనా పోయాయా?"

"ఒక్కటీ పోలేదు. పొద్దున అది గుచ్చి ఉండగానే పాతవి తెరిచి ప్రింటు కూడా తీశారు. కొత్తగా టైపు చేసినదే పోయింది."

"అంటే నా దాంట్లో ఉన్నది ఏదీ చెరపకుండా తెరిచి చూడొచ్చు." టైలరమ్మ ల్యాప్‌టాప్ తీసుకొచ్చి బాబాయి ముందు పెట్టింది. "పొద్దుపోయేదాకా ఇన్ని చెప్పావు, నాకు పనికొచ్చేది ఇదొక్కటే, ఇది చెప్పలేదేం అన్నయ్యా? కొలతలు కాగితం మీదికి ఎక్కించుకుంటా, చాలు. అప్‌డేటు ఎటు పోతే నాకేం."

బాబాయి మొహం మళ్లీ దీపంలా వెలిగింది. "అసలు మొదటిది నొక్కడంలోనే ఉంది కిటుకంతా. నేను కావాలనే, ముందుచూపుతో…"

టైలరమ్మ మూత మీద అరచెయ్యి ఆనించింది. "ఒక్క షరతు. నోరు విప్పకుండా చెయ్యాలి. అలా నోరు కట్టేసే ప్రోగ్రాము ఏదైనా ఉందా దీంట్లో?"

బాబాయి భార్య పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకా ఎవరూ రాయలేదమ్మా," అంది. "రాస్తే, నేను డబ్బిచ్చి కొంటాను."