రెండో తడుపు

అబ్బే, నవ్వకే పేరమ్మా! నీకు నవ్వులాటగానే ఉంటది. మీ ఆయన త్రిమూర్తులికి కొండకింద క్యాంపులో గది దొరికిందని ఖర్జూరాలు పట్టుకుని మరీ వచ్చేవు కదా చెప్పడానికి! కొండ నీడ పడతది, మధ్యాహ్నాలు చల్లగా ఉంటది అక్కా, అని. ఏం చల్లదనమో ఏంటో!

కూకో. బియ్యం ఏరుతా చెప్తాను. ఈ బంగళా దొరగారు రేవుకెళ్లేరు, సాయంత్రందాకా రారు.

ఆ క్యాంపు దగ్గర మా ఆయన చేసిన గొడవ నీకెవరూ చెప్పలేదా? ఈ ఫుజైరాలో పాత తెలుగోళ్లెవర్నడిగినా చెప్తారే. "అంజిబాబా? ఆ పిచ్చోడా?" అంటారు. అంటారులే.

పిచ్చోడు కాదే. మెతక మనిషి. మా లంకలో పడవమీద ఇసక తోలుకునేవోడు. ఇక్కడ కొత్త రేవు కడతన్న రోజుల్లో ఇద్దరం వచ్చేం. నన్నీ బంగళాలో వంటకి పెట్టేరు. ఆయన్ని క్వారీకాడ రేకుల షెడ్డు ఉంది చూడు, రాళ్లు పరీక్ష చేసే ల్యాబు, అందులో పెట్టేరు. అప్పుడీ బంగళాలో ఉండేది సుడాను ఇంజనీరు, ఇద్రీస్ గారు. ఎంత మంచోడనుకున్నావు! "అంజీ, అంజీ" అని నోరారా పిలిచేవోడు.

అక్కడేం పనంటావా? రాయి నీళ్లకి ఏమాత్రం తట్టుకుంటదో చూడ్డం. సముద్రంలో వేసే రాయి కదా మరి! ముందు పొయ్యిలో పెట్టి బాగా ఎండబెడతారు. తూకం వేస్తారు. జల్లెడలాంటి డ్రమ్ములో పోసి, సగం నీళ్లలో మునిగేట్టు పెట్టి గిరగిరా తిప్పుతారు. మంచి రాయైతే పోసింది పోసినట్టే ఉంటది. చెడ్డదైతే అరిగి, బురదై, కన్నాల్లోంచి కారిపోద్ది. మిగిలింది మళ్లీ ఎండబెట్టి తూస్తారు.

ఓ రోజు ఇంజనీరుగారు క్యాంపు వెనకాల కొండ తవ్వినకాడ రాళ్లు తెమ్మన్నాడంట. బూడిదరంగు రాయి. సుత్తితో కొడితే ఖంగుమందంట. డ్రమ్ములో తిప్పేసరికి నీళ్లన్నీ చిక్కబడిపోయేయంట. ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూకున్నాడు గానీ ముద్ద కలపలేదే. "చిట్టీ, అది రాయి కాదే, బెల్లం. దానికింద మనోళ్లు పడుకుంటన్నారే" అన్నాడు.

ఇంజనీరుగారు ఊరుకున్నాడా? కంపెనీ మేనేజరు, ఆ ముదీరు దగ్గరికెళ్లేడు. ఆ కొండకింద మనుషుల్ని ఉంచొద్దు, క్యాంపు మార్చండని మొత్తుకున్నాడు. ముదీరేమన్నాడో తెలుసా? "ఇక్కడ వానెక్కడిదయ్యా? రాయి సముద్రానికి పనికిరాదు, అంతే కదా? ఖలాస్" అన్నాడు.

ఇంకప్పట్నించీ మా ఆయన మనిషి మనిషిలా లేడు. ఎక్కడ చిన్న మబ్బు కనపడినా చేతిలో పని వదిలేసి కొండకేసి చూసేవోడు.

ఆ చలికాలం వాన రానే వచ్చింది. మామూలు వానా అది, బాబోయ్! ఇంజనీరుగారేమో అబుదాబీ వెళ్లేరు. ఈయన కాళ్లకి చెప్పులైనా లేకుండా పరిగెత్తేడు. వెళ్లి చూస్తే కొండ పగుళ్లలోంచి బూడిదరంగు బురద కారతంది. డ్రమ్ములో చూసిన బురదే! ఇంకాగుతాడా? తలుపులన్నీ బాదేడు. "కొండొచ్చేస్తంది! లెగండి! యల్లా, యల్లా!" అని ఒకటే కేకలు.

అందరూ పెట్టెలు నెత్తినెట్టుకుని బయటికొచ్చేసేరు. పోశయ్యని కరీంనగర్ మనిషుండేవోడు, వయసు మళ్లినాయన. జొరంతో పడున్నాడు. "నన్నిడ్సిపెట్టు బిడ్డా, సలి పెడుతున్నది, నేనీడనే పండుకుంట" అని బతిమాలుకున్నాడంట. మా ఆయన వినలేదే. భుజాన వేసుకుని దూరంగా రోడ్డుమీదకి మోసుకుపోయేడు.

అందరూ ఆ వానలోనే నిలబడ్డారు. గోడ లేదు, కప్పు లేదు. కొండకేసి చూస్తా అలా సాయంత్రందాకా.

పడిందా అంటావా?

పడలేదే! వానాగింది. ఎండొచ్చింది. నాలుగు రాళ్లు దొర్లేయి, అంతే. కొండ దాని మానాన అది ఉంది. ముందు ఒకడు నవ్వేడంట. తర్వాత అందరూ అందుకున్నారు.

ఆ నవ్వులైనా ఎన్నాళ్లు? పోశయ్య, జొరం ఛాతీలోకి దిగి, ఆస్పత్రిలో పోయేడు. ఇంకప్పుడెవడూ నవ్వలేదు. "కొండ సంపలే, నువ్వే సంపినవ్" అన్నారంట అతని గదిలోవోళ్లు. శవాన్ని చూడ్డానికెళ్లిన మా ఆయన లోపలికెళ్లే మొహం లేక ఆస్పత్రి గేటుకాడే నిలబడిపోయేడు.

పనోళ్లని రెచ్చగొట్టేడని ముదీరు వీసా క్యాన్సిల్ చేయించేసేడు. ఇంజనీరుగారు అడ్డం పడ్డాడు గానీ ఆయన మాటెవరు విన్నారు? మా ఆయన ఊరెళ్లిపోయే రోజున ఇంజనీరుగారు ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడి హిందీలో చెప్పేడు. "అంజీ, ఒక్క తడుపుతో రాయి సంగతి తేల్చం కదా మనం. తడిపి, ఎండబెట్టి, మళ్లీ తిప్పుతాం. రెండోసారికి ఎంత మిగిలిందన్నదే లెక్క. ఆ కొండ ఒక్కసారే తడిసింది. నువ్వు తప్పు చెప్పలేదు" అన్నాడు.

మా ఆయనకి ఆ మాట ఎక్కలేదు. నన్ను పక్కకి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. "చిట్టీ, కొండ ఊసు నువ్వెవరి దగ్గరా ఎత్తకు. నా నోటివల్ల ఒక ప్రాణం పోయింది. చాలు" అని ఒట్టేయించుకున్నాడు.

పిల్లల కోసమని నేనుండిపోయేను. ఇంజనీరుగారూ వెళ్లిపోయేరు, దొరగారొచ్చేరు. క్యాంపులో మనుషులు మారేరు, గదులకి రంగులేసేరు. నేను మాత్రం నోరెత్తలేదే. అలాంటి వాన మళ్లీ పడనూ లేదు. ఇన్ని ఎండాకాలాలు! ఇక్కడి ఎండ నీకు తెలుసుగా. కొండని పొయ్యిలో పెట్టినట్టే కదా?

మొన్న శుక్రవారం ఎవరికీ చెప్పకుండా అక్కడికెళ్లేను. అప్పట్లో మా ఆయన చూపించిన పగులొకటుంది. నా చెయ్యి కూడా పట్టేది కాదు. ఇప్పుడందులో మనిషి దూరొచ్చే, పేరమ్మా.

అదిగో, విన్నావా ఉరుము? పొద్దుట్నించీ కొండమీద మబ్బు కమ్ముతానే ఉంది. అందుకేనే ఒట్టు తప్పేను. ఆయన బతికుండగానే తప్పేను.

అలా చూడకు నాకేసి. పడతదా అంటే నేను చెప్పలేను. ఎప్పుడో అంతకంటే చెప్పలేను. త్రిమూర్తులు నీ మాట విని లెగుస్తాడో, నిన్ను చూసి నవ్వుతాడో, అదీ నాకు తెలీదు. జొరంతో ఎవడైనా పడుంటే మాత్రం ముందో కప్పు కింద చోటు చూడండే. వాణ్ణి వానలో నిలబెట్టకండి.

వెళ్తావా? వెళ్లు. దారిలో వాగు పొంగకముందే దాటెయ్.

ఈసారీ పడలేదనుకో, నీకూ నాకూ కలిపి పిచ్చోళ్లని పేరెడతారు. పెట్టనీ.