బాబాయి విదేశంలో ఇచ్చిన టిప్పు

కాఫీ హోటల్ ఓనరు వీధి మొత్తానికి బాబాయే గానీ, కోతలు కోయడంలో ఆయనకి అన్నయ్య ఇంకా పుట్టలేదు. విదేశం తిరిగొచ్చి పెట్టెలైనా పూర్తిగా విప్పకముందే సాయంత్రం హోటల్ ముందు వసారాలో కుర్చీ వేయించుకున్నాడు. చుట్టూ ఉక్కపోత, ఆయన మెడలో ఉన్ని మఫ్లరు. ఎదురుగా ముగ్గురు శ్రోతలు: బ్యాంకులో రిటైరైన క్యాషియర్ గారు, పక్క కొట్టు టైలరు, వీధి చివర వరసగా అద్దె గదులున్న గదులాయన.

వాళ్ళకి టీలు అందిస్తున్న పిల్లని అందరూ లెక్కలమ్మాయి అంటారు. కాగితం ముట్టకుండా ఎనిమిది బల్లల బిల్లులు నోటితో చెప్పేస్తుంది. ఆ సాయంత్రం ఆమె బుర్రలో తిరుగుతున్న లెక్క మాత్రం ఒక్కటే. గదులాయన దగ్గర రోడ్డువైపు గది ఒకటి ఖాళీ అయింది. ఈ రోజు పూర్తి అడ్వాన్సు చేతిలో పెడితే ఆ గది ఆమెది. ఒక స్టవ్వు, రెండు బెంచీలు వేసుకుంటే సొంత టీ కొట్టు. అడ్వాన్సులో ముప్పావు వంతు ఆమె దగ్గరుంది. మిగిలిన పావు టిప్పుల డబ్బాలో ఉంది.

ఆ హోటల్లో టిప్పు ఎవరి చేతికీ నేరుగా రాదు. బల్ల మీద కస్టమరు ఏది వదిలినా గల్లా పక్కనున్న రేకు డబ్బాలో పడాలి, మూడు నెలలకోసారి ఐదుగురు పనివాళ్ళూ సమంగా పంచుకోవాలి. బాబాయి పెట్టిన రూలే అది. అయితే బాబాయి విమానం ఎక్కిన రోజు నుంచి ఆ డబ్బా కూడా కనబడటం లేదు. పంపకం రోజు వచ్చింది, వెళ్ళింది. పొద్దున అడిగితే, "సాయంత్రం చూద్దాంలేవే, నా ఒళ్ళింకా గాల్లోనే ఉంది," అన్నాడు. అందుకే ట్రే చంకన పెట్టుకుని స్తంభం పక్కన నిలబడింది, కథ అయిపోగానే అడుగుదామని. బాబాయి కథ అయిపోవడమంటే చెరువు ఎండే దాకా చేపల కోసం కాచుక్కూర్చోవడమే.

"అసలు నేను చేసింది పెద్ద గొప్పేం కాదయ్యా," అని మొదలుపెట్టాడు బాబాయి. ఆయన కథలన్నీ అక్కడే మొదలవుతాయి. "దిగీ దిగగానే, బసలో మా సంచులు మోసిన కుర్రాడికి ఒక నోటిచ్చా. అంతే. మోసి ఊరుకోలేదు వాడు, గుమ్మంలో చెయ్యి చాపి నిలబడ్డాడు. అక్కడ టిప్పు ఇవ్వకపోతే తలుపు వెయ్యనివ్వరు, అదొక పద్ధతి. సరే కదా అని చేతికందిన నోటిచ్చా. వాడు నోటు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ నోటు చూశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడ్డాడు!"

"మెట్ల మీంచా?" అన్నాడు టైలరు.

"నా కాళ్ళ మీద! వాడి ఏడాది జీతమట ఆ నోటు. 'అయ్యా, రేపట్నుంచి పనికి రాను, పెళ్ళి చేసుకుంటా' అన్నాడు."

"మార్పిడి రేటు చూసుకోవద్దూ బాబాయ్?" అన్నారు క్యాషియర్ గారు. ముప్పై ఏళ్ళు నోట్లు లెక్కపెట్టిన మనిషి, ఆయన మనసు నొచ్చుకుంది.

"రేటు చూసుకుని ఇచ్చేదాన్ని అప్పంటారు క్యాషియర్ గారూ. చూసుకోకుండా ఇచ్చేదాన్ని టిప్పంటారు."

గదులాయన తొడ చరుచుకుని నవ్వాడు. బాబాయి మఫ్లరు సర్దుకున్నాడు. ఇక ఆగుతాడా?

"వాళ్ళ డబ్బు సంగతి మీకు తెలీదు. మన నోటు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, మార్పిడి కౌంటర్లో పెట్టా. అద్దం వెనకాల పిల్ల వాళ్ళ నోట్లు లెక్కపెట్టడం మొదలెట్టింది. పెడుతూనే ఉంది. పెడుతూనే ఉంది. ఆ పిల్ల డ్యూటీ దిగి ఇంకో పిల్ల ఎక్కింది. మీ పిన్ని కొంగు పరిచింది, చాల్లేదు. బసకెళ్ళి దుప్పటి తెచ్చింది, చాల్లేదు. ఆఖరికి తక్కెడలో ఒక పక్క నోట్లు, ఇంకో పక్క మీ పిన్ని. అబద్ధమైతే అదిగో, ఎదురుగానే ఉంది, అడగండి!"

గల్లా దగ్గర పిన్ని చిల్లర పేరుస్తోంది. విదేశం నుంచి వచ్చినప్పటినుంచీ ఆవిడ మొహం బిగదీసిన ముడిలా ఉంది.

"నిజమేనా పిన్నీ?" అన్నాడు టైలరు.

"ఆయన చెబుతున్నారుగా, వినండి," అంది పిన్ని, తలెత్తకుండా.

"బాబాయ్," అంది లెక్కలమ్మాయి సందు చూసుకుని, "డబ్బా సంగతి..."

"ఉండవే, మంచి పట్టులో ఉన్నా. వీళ్ళకి ఇంకో రౌండు టీ తే, నా లెక్కలో."

ఆమె లోపలికెళ్ళింది. వెనకనుంచి గదులాయన గొంతు వినబడింది. "అమ్మాయ్, నేను లేచేలోపు నీ సంగతి తేల్చాలి. రేపు పొద్దున ఆ గది చూడ్డానికి ఇంకొకళ్ళు వస్తున్నారు."

"తేలుస్తానండీ," అంది.

టీలు తెచ్చేసరికి బాబాయి రెస్టారెంటు దాకా వచ్చేశాడు.

"మర్నాడు అదే ఊళ్ళో ఒక పెద్ద రెస్టారెంటు. బల్లల మీద తెల్లబట్టలు, బట్టల మీద గాజు గ్లాసులు, గ్లాసుల్లో మన మొహాలు కనబడతాయి. తిన్నాం. నేను నా ధోరణిలో బల్ల మీద టిప్పు పెట్టి, దర్జాగా బయటికి నడిచా. గుమ్మం దాటానో లేదో వెనకనుంచి కేక! తిరిగి చూస్తే వెయిటరు. చేతులూపుతూ, అరుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. ఎందుకంటారు?"

"ఏదో మర్చిపోయుంటావ్," అన్నాడు టైలరు.

"నేనా? మర్చిపోవడమా? నేనిచ్చిన టిప్పు తిరిగివ్వడానికయ్యా! వాళ్ళకి టిప్పంటే తలకొట్టేసినంత అవమానం. 'నా పనికి నాకు జీతముంది, మీ దానం నాకెందుకు' అంటాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు. నేనూ అందుకున్నా పరుగు!"

"ఆ మోకాళ్ళతోనే?"

"పరువు పరిగెత్తించాలి గానీ మోకాళ్ళదేముంది క్యాషియర్ గారూ!"

బాబాయి చేతికందే దూరంలో ఉన్న వసారా చివరి బల్ల దగ్గర బన్నూ టీ ముగించిన ఇద్దరు కస్టమర్లు అప్పుడే లేచారు. బిల్లు కట్టి, సాసరు పక్కన కొంత చిల్లర వదిలి, బాబాయి కుర్చీ పక్కనుంచే దాటి వెళ్ళారు. బాబాయి మాట ఆగలేదు, చూపు తిరగలేదు. కుడిచెయ్యి ఒక్కటే పక్కకి సాగింది. వేళ్ళు బల్ల మీద పాకాయి, చిల్లర చప్పుడు లేకుండా అరచేతిలోకి జారింది, అరచెయ్యి లాల్చీ జేబులోకి వెళ్ళి ఖాళీగా బయటికొచ్చింది. తుమ్మేవాడికి తుమ్ము సంగతైనా తెలుస్తుంది. ఆ చెయ్యి చేసిన పని బాబాయికి తెలిసినట్టు కూడా లేదు.

ట్రే పట్టుకున్న లెక్కలమ్మాయి మాత్రం చూసింది. రోజూ చూసేదే. 'తర్వాత డబ్బాలో వేస్తాడులే' అని రోజూ అనుకునేదే.

"నేను వంతెనెక్కితే వాడు వంతెనెక్కాడు. నేను పడవెక్కితే వాడు ఈదుకుంటూ వచ్చాడు, టిప్పు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని! రైలెక్కేశా. రైలు పక్కనే మూడు స్టేషన్లు పరిగెత్తాడయ్యా! నాలుగో స్టేషన్లో దిగి చూస్తే, ఒక్కడు కాదు. ఊరి వెయిటర్లంతా వాడి వెనకే! వంటవాళ్ళు గరిటెలతో, గిన్నెలు కడిగేవాళ్ళు తడిచేతులతో. హోటళ్ళన్నీ మూత. ఆ పూట ఆ దేశం పస్తు!"

"దేశమంతానా?" టైలరుకి టీ పొలమారింది.

"మంత్రి కూడా పస్తే! ఆకలికి తాళలేక ఆయనే కారేసుకొచ్చాడు. 'మహాశయా, తమరు టిప్పు వెనక్కి తీసుకుంటే తప్ప మా వాళ్ళు పొయ్యి వెలిగించరు' అన్నాడు. నేను ససేమిరా అన్నా. బతిమాలాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడన్నా, 'సరే, టిప్పుని మీ ఖజానాలో వేసుకోండి.' వేసుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాటికల్లా వాళ్ళ డబ్బు విలువ మన డబ్బుని మించిపోయింది! తక్కెడలో తూచిన రోజులన్నీ పోయాయ్. ఇప్పుడు వాళ్ళ నోటు ఒక్కటి కావాలంటే మన నోట్లు మీ పిన్నికి సమానంగా తూచాలి. కృతజ్ఞతగా నా బొమ్మతో నోటు కూడా కొట్టారు."

"ఏదీ, ఒకటి చూపించు," అన్నారు క్యాషియర్ గారు, చేతి వేళ్ళు అప్రయత్నంగా కదుపుతూ.

"దేశం దాటనివ్వరండీ. నా మొహం అక్కడే చెల్లుతుంది."

ముగ్గురూ పగలబడి నవ్వారు. గదులాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇక్కడ చెల్లదని నువ్వే ఒప్పుకున్నావ్," అన్నాడు. ఆ నవ్వుల మధ్య లెక్కలమ్మాయి ట్రే బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, ఒక్క లెక్క తేలట్లేదు."

"నీకే తేలట్లేదా! అడుగు, అడుగు."

"సంచులు మోసినవాడు చెయ్యి చాపి టిప్పు తీసుకున్నాడన్నారు. టిప్పు ఇవ్వకపోతే తలుపు వెయ్యనివ్వరన్నారు. అదే ఊళ్ళో మర్నాటికి టిప్పు అవమానం ఎలా అయింది?"

బాబాయి టీ గ్లాసు ఎత్తి ఊదుకోవడం మొదలుపెట్టాడు.

"ఆ వెయిటరు మీ వెనక పరిగెత్తింది," అందామె నెమ్మదిగా, "మీరు పెట్టింది ఇవ్వడానికా, మీరు ఎత్తింది అడగడానికా?"

"ఏం కూస్తున్నావే!"

"ఇప్పుడే చివరి బల్ల మీద చిల్లర ఎత్తారు. ఏ జేబులో వేశారో మీకే గుర్తులేదు. అక్కడా అలాగే పక్క బల్ల మీద ఎత్తుంటారు."

క్యాషియర్ గారు బల్ల వైపు చూశారు. టైలరు బాబాయి జేబు వైపు చూశాడు. బాబాయి గబుక్కున జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, జేబులో చిల్లర గలగలమంది.

"ఏమే, నువ్వైనా చెప్పు!" అన్నాడు పిన్నితో. గొంతులో కోత లేదు, వేడికోలు ఉంది.

పిన్ని గల్లా మూసింది. "ఏం చెప్పను? మన హోటలే అనుకున్నారు పాపం, అలవాటైన చెయ్యి," అంది. "ఒకటి కాదు, రెండు బల్లలవి ఎత్తారు. వంతెనా లేదు, పడవా లేదు. గుమ్మం బయట చొక్కా పట్టుకున్నాడు ఆ వెయిటరు పిల్లాడు. పోలీసొచ్చాడు. నేను పరాయి వీధిలో పదిమంది ముందు తలొంచుకుని నిలబడ్డాను. ఎత్తింది వెనక్కిచ్చి, దానికి ఎన్నో రెట్లు పైన కడితేగాని వదల్లేదు."

"ఏం పెట్టి కట్టారు పిన్నీ?" అంది లెక్కలమ్మాయి. ఆమెకి జవాబు అప్పటికే తెలుసు. అయినా అడిగింది, చెవులారా వినాలని.

"డబ్బాలో డబ్బంతా మార్పించి పట్టుకెళ్ళారమ్మా. అక్కడ అడుగడుక్కీ టిప్పులివ్వాలని ఎవరో చెప్పారు. 'టిప్పుల డబ్బు టిప్పులకే, మన చేతిది ఎందుకు' అన్నారు. అంతా ఆ జరిమానాకే పోయింది."

బాబాయి మఫ్లరు తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత, పడ్డవాడు లేచి ఇది కూడా ఒక ఆటే అన్నట్టు, నవ్వు తెచ్చుకుని చేతులు చాపాడు. "ఏదైతేనేం! వెయిటర్ల డబ్బు వెయిటర్లకే చేరిందిగా!"

ఈసారి టైలరు కూడా నవ్వలేదు.

"మాకు చేరలేదు," అంది లెక్కలమ్మాయి.

"ఇస్తానే! వచ్చే నెల, ఆ పై నెల, కొంచెం కొంచెంగా..."

ఆమె అప్పటికే గదులాయన వైపు తిరిగింది. "ముప్పావు వంతు నా దగ్గర ఇప్పుడే ఉందండీ. మీరు సరేనంటే తెస్తాను. మిగతాదానికి ఒక నెల ఆగుతారా?"

గదులాయన టీ గ్లాసు అడుగున ఏదో వెతికాడు. "నీ మీద నమ్మకం లేక కాదమ్మా. పొద్దున వచ్చేవాళ్ళు మొత్తం ఒకేసారి ఇస్తామన్నారు. వ్యాపారం కదా."

"వ్యాపారమే," అందామె. సొంత కొట్టు తలుచుకుని ఆ మాట ఆమె కూడా రోజూ అనుకునేదే. ఎదుటివాళ్ళ నోటి నుంచి వినడం ఇదే మొదలు.

బాబాయి మొహంలోకి కొంచెం రంగు తిరిగొచ్చింది. "పోనీలేవే, ఇక్కడే ఉండు. నీలాంటి మనిషి నాకు మాత్రం ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. నిజంగా ప్రేమగానే అన్నాడు, అదే ఆమెకి ఒంటికి కారం రాసినట్టయింది.

ఆమె వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళి లోపలికి వినబడేలా చెప్పింది. "డబ్బా ఇక లేదు. ఇవాళ్టి నుంచి ఏ బల్ల మీద మిగిలింది ఆ బల్లకి మోసినవాళ్ళదే. కడిగేవాళ్ళకీ, టీ కాచేవాళ్ళకీ వాటా మనమే మనలో ఇచ్చుకుందాం. బాబాయి చెయ్యి చాపితే, అక్కడివాళ్ళలాగే అరవండి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కాదనమని బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని గల్లా తాళంచెవి బొడ్లో దోపుకుని, వేరే వైపు చూసింది.

శ్రోతలు లేచారు. టైలరు బల్ల మీద చిల్లర పెట్టబోయి, ఒకసారి బాబాయి చేతి వైపు చూసి, ఆమె చేతికే ఇచ్చాడు. క్యాషియర్ గారు తన నోటుని రెండుసార్లు వేళ్ళతో తడిమి మరీ ఆమె అరచేతిలో పెట్టారు. చివర గదులాయన వచ్చాడు. ఇద్దరికంటే పెద్ద నోటే తీశాడు, నాలుగు మడతలు పెట్టి, "భలే పట్టావమ్మా దొంగని," అని ఆమె భుజం తట్టి చేతిలో ఉంచాడు.

గది మాట మాత్రం ఎత్తలేదు.