పెదనాన్నగారు నోరు విప్పిన ఏడాది

ఆ ఫోటోలో గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డది ఎవరనా? కూర్చో అమ్మాయీ, నిలబడి వినే సంగతి కాదిది. ఆయన మా పెదనాన్నగారు. బేకరీవాళ్ళ బండి తోలేవారు. తెల్లారేసరికి వేడి రొట్టె గుమ్మంలోకి వచ్చేదంటే ఆయన చలవే. గుర్రం బేకరీ వాళ్ళదే గానీ, శాల మాత్రం ఆయనింటి వెనక, వంటింటి గోడని ఆనుకుని. మనిషి మాటల దగ్గర మహా పిసినారి. "భోజనానికి రండి" అంటే లేచి రావడమే ఆయన జవాబు. ఆ లోటు మా పెద్దమ్మ తీర్చేది, ఇద్దరి వాటా మాటలూ ఆవిడే ఖర్చుపెట్టి. అటువంటి మనిషి ఒక ఏడాది ఉన్నట్టుండి బండి మీద వాగడం మొదలుపెట్టారు. వాగడం అన్నది పెద్దమ్మ మాట సుమా, నాది కాదు. "ఇదిగో మలుపు, కుడికి తల్లీ. ఎదర గుంట, నెమ్మది. దర్జీ కొట్టు ముందు సైకిలుంది, ఎడంగా పోదాం." ఆ దర్జీ ఒకడు, ఎవరెన్ని చెప్పినా సైకిలు నడివీధిలోనే పెట్టేవాడు, సరే అది వేరే కథ. బండాయనకి మతి చలించిందని వీధంతా జాలిపడ్డారు. పెద్దమ్మకి జాలి కాదు, ఒళ్ళుమంట. "నా దగ్గర నోరు పెగలదు, ఆ సవతికి మాత్రం ఊరి విశేషాలన్నీనా!" గుర్రాన్నే, సవతి అనేది.

అసలు విషయం ఏమిటంటే, గుర్రానికి చూపు పోయింది. బేకరీ యజమాని దుర్మార్గుడేం కాదు, కానీ ఆయన పద్ధతి ఒకటే. కన్నో కాలో పోయిన జంతువుని బండికి కట్టనివ్వడు, అమ్మేస్తాడు. ముసలి గుర్రాన్ని కొనేవాడు దేనికి కొంటాడో నేను వేరే చెప్పాలా? అందుకని పెదనాన్నగారు తన కంటికి కనిపించినదల్లా దానికి పైకి చెప్పడం మొదలుపెట్టారు. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు, పెద్దమ్మకి కూడా.

అలా నడుస్తుండగా ఒక చలికాలం పొద్దున ఆయన గొంతు పూర్తిగా పడిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. బండి కట్టారు. గుర్రం చెవులు వెనక్కి తిప్పి, మాట కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడిపోయింది. ఏమయిందని పెద్దమ్మ వచ్చి అడిగితే, ఆయన గుర్రం కంటి ముందు చెయ్యి ఆడించి చూపించారు. అది రెప్ప వెయ్యలేదు. పెద్దమ్మ చేతులు తుడుచుకుని, బండెక్కి ఆయన పక్కన కూర్చుంది. "పద తల్లీ" అంది, అచ్చం ఆయనలా, మెత్తగా. కదిలితేనా! ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. "ఏమే, పిలిస్తే పలకడానికి అంత బరువా? నీకూ ఈయన బుద్ధులే అంటుకున్నాయా?" గుర్రం ఠక్కున అడుగు వేసింది! మరి వంటింటికీ శాలకీ మధ్య ఒకటే గోడ. అన్నేళ్ళూ అది విన్నది ఆ గొంతే, ఆ తిట్లే. మెత్తని పెద్దమ్మ ఎవరో దానికేం తెలుసు? ఇక పెదనాన్నగారు ఆవిడ ఏ మోకాలు తడితే ఆ వైపుకి తిట్టడమే. "కుడికే, కుడికి! కళ్ళు నెత్తికెక్కాయా..." అనేసి నాలిక కరుచుకుందట.

బేకరీ గేటు దగ్గర యజమాని అడిగాడు, "ఏమ్మా, మీరు బయల్దేరారేం?" అని. "ఈయనకి గొంతు లేదు, నాకు పొద్దుపోవడం లేదు. తప్పా?" యజమాని గుర్రం కళ్ళలోకి చూశాడు, చాలాసేపు. చివరికి ఆయన, "పాపం, దాన్ని అంతలా తిట్టకండమ్మా" అని, రొట్టెల బుట్టలు తనే స్వయంగా బండిలోకి ఎక్కించాడు.

పెదనాన్నగారి గొంతు మళ్ళీ వచ్చింది గానీ, పెద్దమ్మ ఆ బండి దిగలేదు. గుర్రం పండు ముసలిదై, తన శాలలోనే పోయింది. ఇంక ఆయన నోరు మళ్ళీ మూతపడుతుందని అందరం అనుకున్నాం. సాయంత్రాలు ఇద్దరూ నడకకి వెళ్తే వినాలి నువ్వు. "ఎదర గుంట, నెమ్మది. దర్జీ కొట్టు ముందు సైకిలుంది, ఎడంగా రా." పెద్దమ్మ చూపు చివరిదాకా దివ్యంగా ఉండేది. నాకు కనపడుతోంది మహానుభావా అని ఒక్కనాడూ అనలేదు. ఊఁ, ఊఁ అంటూ ఆయన చెప్పిన వైపే నడిచేది...

ఆ ఫోటో ఇలా ఇచ్చెయ్యి. జల్లు పడుతున్నట్టుంది, కిటికీ మూసిరా అమ్మాయీ.