చెరకు చేల మీదుగా, తాటిచెట్టు ఎత్తులో

సభకు పెద్దగా కూర్చున్న గౌరీశంకర్ మాస్టారికి, ముందు వరసల్లోని పెద్దలకు, కుర్చీలు చాలక గోడవారగా నిలబడిన స్నేహితులకు నమస్కారం. ఇందాక మైకులో వింగ్ కమాండర్ రోజా అని పిలిస్తే ఇంకెవరినో అనుకున్నాను. ఈ చోడవరంలో నేను బంగార్రాజు గారి రెండో అమ్మాయిని, రెండో గుంటనే కదా. (నవ్వులు)

మాస్టారు పరిచయం చేస్తూ అభిమానం కొద్దీ నన్ను శబ్దం కంటే వేగంగా ఎగరేసేశారు గానీ, వైమానిక దళంలో నేను నడిపింది యుద్ధవిమానం కాదండీ. నలుగురైదుగురు పట్టే చిన్న హెలికాప్టర్. మందులూ మనుషులూ మోయడం దాని పని. మబ్బు కిందికి దిగితే మేమూ దిగి, తాటిచెట్ల తలలు రాసుకుంటున్నట్టు వెళ్ళేవాళ్ళం. అంత కిందుగా వెళ్తుంటే తడి మట్టి వాసన, బెల్లం కాగే వాసన లోపలికి వచ్చేస్తాయి. మన నీడ చేలల్లో మనతోపాటు పరుగెడుతుంది. అచ్చం కలలో ఎగిరినట్టే ఉంటుంది. కాకపోతే కలలో కరెంటు తీగలుండవు. నడిపే మనిషి కళ్ళు వాటినే వెతుక్కుంటాయి, మరి దేన్నీ చూడనివ్వవు.

కొన్నేళ్ళ క్రితం వానలకు దేవరాపల్లి అవతల ఒక ఊరికి దారి తెగిపోయింది. చిన్నారి అనే అమ్మాయికి నొప్పులొస్తున్నాయి, బిడ్డ అడ్డం తిరిగింది, తీసుకురమ్మని మమ్మల్ని పంపారు. నా పక్క సీట్లో కో-పైలట్, అనకాపల్లి నూర్ అహ్మద్ గారు. అదిగో, మూడో వరసలో తల దించుకుని కూర్చున్నారు. కొండలు మబ్బులో మునిగిపోతే శారదా నది వెంటే వెళ్ళాం. వానలో నాకు ఏమీ కనబడలేదు. "తీగ" అన్నారాయన, టీ తాగుతారా అని అడిగినంత మెల్లగా. పైకి లాగాను. నల్లటి తీగ మా కాళ్ళ కింద నుంచి జారిపోయింది.

ఊరి కళ్ళంలో దిగితే, చిన్నారి అత్తగారు సన్యాసమ్మ కోడల్ని పడుకోబెట్టిన మంచానికి అడ్డంగా నిలబడింది. ఆ గాలికి, ఆ మోతకు బెదిరి కోడల్ని ఎక్కించనంటుంది. హెలికాప్టర్ నూర్ గారికి అప్పగించి నేనే దిగి వెళ్ళాను.

"అమ్మా, మాది సోడవరమే. జాగర్తగా అట్టుకెళ్తాను" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి తేరిపార చూసింది. "మనోళ్ళ గుంటే నడుపుతందంట" అని పక్కావిడతో అని, మంచం వదిలింది.

తిరుగుదారిలో చిన్నారికి మా మాటలు వినబడేలా హెడ్‌సెట్ పెట్టాం. మూలుగు వినిపిస్తూ వినిపిస్తూ ఆగిపోయింది. అంతలో ఆమె గొంతు: "కిందది మా సేనేనమ్మా? నీళ్ళలో ఆకాశం పడిపోనాది. ఓపాలి సూడండి."

పంటంతా మునిగిపోయిన చేను అది. దాన్ని చూసి ఆ మనిషి అంత మురిసిపోతుంటే నాకూ చూడాలనిపించింది. తీగల భయంతో తల తిప్పలేకపోయాను.

ఆ సాయంత్రం విశాఖలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు, ఇద్దరూ క్షేమం అని రేడియోలో కబురొచ్చింది. అప్పటికి మేం ఇంకో ఊరి మీద ఉన్నాం. ఆ తర్వాత ఇన్నేళ్ళూ వాళ్ళను మళ్ళీ చూడలేదు.

పదవీ విరమణకు ముందు, పోయిన నెల ఆఖరుసారి ఎగిరాను. నిజం చెప్పాలంటే, ఇప్పటికీ పొద్దున్నే లేచి మబ్బు ఎంత ఎత్తులో ఉందో చూస్తాను. వెళ్ళాల్సిన చోటేదీ లేదని గుర్తొచ్చి, అలాగే గుమ్మంలో నిలబడిపోతాను.

ఇందాక నాకు శాలువా కప్పినావిడే చిన్నారి. మీకు వినబడకుండా నా చెవిలో ఒక మాట అంది. "మీరు మరి ఎగరరంట కదమ్మా. మా డాబా ఎక్కితే సేనంతా అవుపడతాది. తాపీగా కూకుని సూద్దురుగాని, రండి."

రేపు పొద్దున్నే వెళ్తున్నాను. ఇంత ఆప్యాయంగా పిలిచి కూర్చోబెట్టిన మీ అందరికీ నా కృతజ్ఞతలు. సెలవు.