పేరుకొక పిడికెడు

ఏమే జ్యోత్స్నా, మైసత్త ఫోటో కావాల్నని మీ కోదాడ పాస్టరయ్య నిన్ను తోలిండా? ఉంటే కద బిడ్డా. ఆమెకు పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి ఫోటోనే లేదు. ఒక్కసారి గుడికి సున్నాలేసినప్పుడు హుజూర్‌నగర్ నుంచి ఫోటోలాయన వచ్చి అందరిని మెట్ల మీద నిలవెట్టిండు. నవ్వుండ్రి నవ్వుండ్రి అని వాడే ఇకిలిచ్చిండు. ఫోటో కడిగి తెచ్చినంక సూస్తే మైసత్త ఉండాల్సిన కాడ మోచెయ్యి ఒక్కటే ఉన్నది. తుమ్ము వచ్చి వంగిన అన్నది. అందుకే ఇప్పుడు ఆమె చేసిన ద్రాక్షారసం సీసా ఫోటో తీసి గుడి డెబ్బయి అయిదేండ్ల పుస్తకంల ఏస్తరట, కింద "మన సంఘాలన్నిటికి ద్రాక్షారసం నేర్పిన తల్లి జ్ఞాపకార్థం" అని రాస్తరట. రాయనీ, మంచిదే. గని ఆమె ఎట్ల పోయిందో రెండు ముక్కలు మీ అమ్మమ్మ అచ్చమ్మను అడుగుమని కూడ అన్నడట కదా? అడిగేదెందుకు, "వృద్ధాప్యమున ప్రభువునందు నిద్రించెను" అని ముందే రాసిపెట్టుకున్నడు, నువ్వు సూపియ్యలే నాకు ఫోన్ల? వృద్ధాప్యమట, వాని మొఖం! అరవై నిండలే ఆమెకు. నెత్తిమీద రెండు బిందెలు, సంకల ఒకటి పెట్టుకోని సాగర్ కాల్వ గట్టు ఎక్కేది. ఆమె ఎట్ల పోయిందో ఈ నడిగూడెంల ఎరికున్నది నాకొక్కదానికే. ముప్పై నాలుగేండ్ల సంది మింగి కూసున్న. చెప్పకుంటే ఫోటో కింద రాసేది అబద్ధమైతది. చెప్తేనేమో నీకు, మీ అమ్మకు ఇంక ఏ మొఖం పెట్టుకోని కనవడాల్నో తెల్వది. గదీ నా పరేషాన్. కూసో. ఆ ఫోన్ పక్కకు పెట్టు, సీసా ఏడికి పోదు.

ముందుగాల సీసాను ముట్టి సూడు. ఆఁ, ఎచ్చగున్నదా? ఎండకు కాదే తిక్కదాన, ఇప్పుడే కద చీకటి అర్రల నుంచి తెస్తిమి. శ్రమ దినాలు నలభై రోజులూ గట్లనే ఉంటది, జరం వచ్చిన పిల్ల ఒళ్లు లెక్క. ఈస్టర్ తెల్లారి ముడితే బాయి నీళ్ల లెక్క సల్లగుంటది. మొదట్ల భయపడ్డ. ఇప్పుడు అలవాటైంది, మొగుని గురక అలవాటు కాలేదా ఏంది.

మైసమ్మ అన్నది ఇంట్ల పెట్టిన పేరు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరయ్య మార్త అని పెట్టిండు, ఒక్కడు పిలిస్తే ఒట్టు. దొరగారింటోళ్లు ఇకారాలు జేసేది, ఊరి మైసమ్మకు మేము కల్లు పోస్తం, ఈ మైసమ్మ వాళ్ల దేవునికి పోస్తది అని. ఆమె ఊకుంటదా? "మీ మైసమ్మకు పోసింది మీరే తాగుతరు, నేను పోసింది ఊరంత తాగుతది" అన్నది. గంతే, నోళ్లు మూతవడ్డయి. ఆమె రాకముందు గుళ్లె రొట్టె, రసం పంచే ప్రభువు బల్లకు ఏం పోసేటోళ్లో తెలుసా, రంగునీళ్లు. షర్బత్. పట్నం నుంచి తెల్ల పాస్టర్లు పంపిన సీసా ఒకటి ఉంటే అది పెద్దమనుషులకే సరిపోయేది, కింద కూసున్న కూలోళ్లకు రంగునీళ్లే. అది సూసి ఆమెకు కడుపు మండింది. ఎవల దగ్గర నేర్చుకున్నదో దేవునికెరిక. మిర్యాలగూడల ఆస్పత్రి సిస్టరమ్మ దగ్గర అంటరు కొందరు. సూర్యాపేట మార్కెట్ల నల్ల ద్రాక్ష దిగంగనే బస్సెక్కి పోయేది, గంప నెత్తిన పెట్టుకోని వచ్చేది. శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు జాడి నింపుడు, ఈస్టర్ ముందు దినం వడకట్టుడు. ద్రాక్ష, చక్కెర, దోసెడు గోధుమలు, నాలుగు లవంగాలు. గంతే సరుకు. గని మా నడిగూడెం పద్ధతి వేరే ఉండె, ఆమె పెట్టిన పద్ధతి. పేరుకొక పిడికెడు. గుడి రిజిస్టర్ల ఎన్ని పేర్లున్నయో అన్ని పిడికిళ్ల ద్రాక్ష తెల్ల గుడ్డ మీద వరుసగ పెట్టాలె. పేరు పిల్వాలె, ఒక పిడికెడు జాడిల పొయ్యాలె, చేత్తోని పిసకాలె. పేరు పిల్వాలె, పొయ్యాలె. అందరివి అయినంక కడాకు తనది. ఎందుకే అత్తా గింత తిప్పలు అంటే, "రేపు బల్ల కాడ నాకు లేదు అనేటోడు ఉండద్దు పిల్లా" అనేది. హుజూర్‌నగరోళ్లు, కోదాడోళ్లు, మిర్యాలగూడ అవతలి తండాలోళ్లు అందరు వచ్చి నేర్చుకోని పోయిండ్రు. ఇప్పుడు ఆ గుడులల్ల సగం మంది దుకాణంల డబ్బా రసం కొంటున్నరు, అది వేరే ముచ్చట. డబ్బాకు ఏం తెలుసు నీ పేరు?

ద్రాక్ష కడుగుడు నా పని. పక్కనే కూసునేదాన్ని. ఒక యేడు ఏమైందంటే, గుడి గంట కొట్టే హరిలాల్ పేరు కాడికి వచ్చింది. నోరు తెరిచింది. మూసింది. ఎనకకు పోయి మళ్ల హరిలాల్ పెండ్లం పేరు అన్నది, మళ్ల నోరు తెరిచింది, గాలి తప్ప ఏం రాలే. పక్కింటోళ్ల పేర్లకు పోయింది. నేను, "అత్తా, హరిలాలన్నను మర్చిపోతివి" అన్న. "మర్వలేదే. వస్తలేదు" అన్నది. గుడ్డ మీద ఒక పిడికెడు మిగిలిపోయింది. దాన్ని జాడిల పొయ్యలే, గుడ్డ నాలుగు కొసలు మడిచి మూలకు పెట్టింది. ఈస్టర్ ముందటి వారం, మట్టల ఆదివారం పొద్దుగాల గంట కొట్టుకుంట కొట్టుకుంట హరిలాల్ తాడు పట్టుకోనే కూలిండు. మనిషి పడ్డంక కూడ గంట మూడుసార్లు మోగింది, నా చెవులార ఇన్న. మరుసటేడు ఇంకొకామె. ఆ తర్వాత రెండేండ్లు ఎవలు లేరు. ఆ పైయేడు మళ్ల ఒకాయన, ఎద్దు లెక్క ఉండేటోడు. ఇగ ఊరంత పాకింది. భస్మ బుధవారం వచ్చిందంటే మైసత్త ఇంటి కిటికీ కాడ జాతర. గుళ్లె ఒక్కనాడు మోకాలు వంచనోడు కూడ కిటికీకి చెవి పెట్టి నిలవడేది. ట్రాక్టర్ వెంకన్న అయితే తన పేరు ఇని కూడ కదలకపాయె. "అత్తా, గట్టిగ ఇనవడలే, మళ్లొకసారి అను" అంటడు. "ఒరేయ్, రెండుసార్లంటే రెండు బతుకులు బతుకుతవారా? ఒక్కటే సక్కగ బతుకుత లేవు" అన్నది లోపలికెల్లి. అందరు నవ్విండ్రు. ఆమె నవ్వలే. తర్వాతి పిడికెడు అందుకున్నది. సావు పిల్చేది ఆమె కాదని ఆ కిటికీ కాడోళ్లకు ఎవలు చెప్తరు? మొఖం మీద వందనాలు అత్తా, ఎనకకు తిరిగితే మంత్రగత్తె. నేను కూడ అన్ననా? అన్న. ఎందుకు దాసాలె.

ఇగ ఆ యేడు. మీ అమ్మ నవనీతకు ఆరేండ్లు. కామెర్లు. కండ్లు, గోర్లు, ఆఖరికి చెమట కూడ పసుపు. సూర్యాపేట దవాఖానల పదకొండు రోజులు ఉంచుకోని, మందులైతే ఇచ్చినం ఇగ దేవుని దయ అన్నరు. మీ తాత సంపత్ పిల్లను భుజానేసుకోని బస్సు దిగి నడిచొస్తుంటే దాని కాళ్లు ఎట్ల ఊగినయో నాకు ఇప్పటికీ యాదికున్నది, ఎండిన సొరకాయ తీగెల లెక్క. రెండో దినమే భస్మ బుధవారం. పిల్లను ఆయనకు అప్పజెప్పి నేను ద్రాక్ష కడుగ వోయిన. ఎందుకు పోయినవ్ అంటవా? పేరు ఇననీకి పోయిన. ఇంట్ల కూసోని ఊపిరి లెక్కపెట్టుడు కంటే అది మేలనిపించింది. మా ముందటోళ్లయి అయినయి, మా ఇంటోళ్ల కాడికి వచ్చింది. అచ్చమ్మ. పోసింది. సంపత్. పోసింది. నోరు తెరిచింది. మూసింది. నా దిక్కు సూడలే. పక్కింటి సువర్ణ పేరు అన్నది. నేను లేచిన. గుడ్డ మీదికెల్లి ఒక పిడికెడు తీసిన, "నవనీత!" అని కిటికీ అవతలోళ్లు అదిరిపడేటట్టు ఒర్లిన, జాడిల ఏసి మోచేతుల దాక పెట్టి పిసికిన. ఒక్క పండు మిగలనీయలే. ఒద్దన్నదా? ఏమనలే. సూసింది. తర్వాత మిగిలినోళ్ల పేర్లు ఒక్కొక్కటి సల్లగ పిల్చుకుంట పోయింది. ఆఖరుకు గుడ్డ మీద ఒక్కటే ఉన్నది, ఆమెది. ఇగ అందరిదీ సరిపోయింది, ఎవలకేం కాదు, గెలిచిన అనుకున్న. చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఎనకకు తీసుకున్నది. "ఒకటి మిగలాలె కదనే అచ్చీ" అన్నది. గంతే. పప్పుల ఉప్పెక్కువైంది అన్నట్టే అన్నది. గుడ్డ మడిచింది, నాలుగు కొసలు. నేను కాళ్ల మీద పడ్డనా? పడలే. అత్తా అట్ల జెయ్యకు, పొయ్యి అని అన్ననా? అనలే. ఒక్క మాట అంటే పోసేదేమో. నా నోరు ఊరు మీద పడి తిరిగేది, ఆ ఒక్క మాటకు లేవలే. ఎందుకంటే అది పోస్తే మళ్ల మిగిలేది ఎవలో నాకు ఎరికే. చెయ్యి కడుక్కోని, దండం పెట్టకుండ, ఎనకకు సూడకుండ ఇంటికి పోయిన.

నలభై దినాలు ఆమె మంచిగనే ఉన్నది. నాట్లేసింది, కలుపు తీసింది, పంచాయితీల కొట్లాడింది. పిల్ల కూడ పసుపు పోయి దినదినానికి తెల్లవడుకుంట వచ్చింది. ఈస్టర్ ముందు దినం, మిట్టమధ్యానం, నవనీత మంచంల లేచి కూసోని, "అమ్మా, ఆకలైతుంది, చేపల పులుసు కావాలె" అన్నది. నేను ఆ మాటకు ఏడ్సుకుంట నవ్వుకుంట మైసత్తకు చెప్పాల్నని ఉరికిన. తలుపు దగ్గరికేసి ఉన్నది. జాడి పక్కన కూసున్నది, జాడికి చెవి ఆనిచ్చి, లోపల ఎవలో మాట్లాడుతుంటే ఇన్నట్టు. పిల్సిన. ముట్టిన. అప్పటికే సల్లవడ్డది. ఒడిల ఆ తెల్ల గుడ్డ. ఇప్పిన. నలభై దినాలైంది బిడ్డా, ఎండ కాలం, ఆ ద్రాక్ష ఎండాలె, కుళ్లాలె, చీమలు పట్టాలె. అప్పుడే కడిగినట్టు నీళ్లు కారుతున్నయి. నా చేతులతోని కడిగిన ద్రాక్ష నాకు తెల్వదా. అవి ఆమె పిడికిట్ల పెట్టి ఏళ్లు మూసిన, మట్టి పోసేదాక ఆ పిడికిలి ఎవలనూ తెరవనియ్యలే. పండుగ నాడు బల్లకు అందరికి పోసినంక జాడి అడుగున సరిగ్గ ఒక్క సీసా మిగిలింది. అదే ఇది. అప్పట్ల ఎవలకూ చెప్పకుండ కొంగుల పెట్టుకోని తెచ్చిన. పారపోయ చెయ్యి రాలే, తాగ ధైర్యం రాలే.

అర్థమైందా ఇగ? మీ అమ్మ బతికింది, లగ్గమైంది, నువ్వు పుట్టినవ్, ఇంజినీరింగ్ సదివినవ్, నాకు ఫోన్ల లోకమంత సూపిస్తవ్. అదంత ఎవలి వంతు? మైసత్తది. ఆ మాట రాయమను మీ పాస్టరయ్యను. రాస్తడా? "ఆరేండ్ల పిల్లకు బదులు పోయింది" అని రాయమను, వృద్ధాప్యం కొట్టేయమను. మూఢనమ్మకం అంటడు. అనని. శిలువ మీద ఒకాయన అందరి బదులు పోయిండని ఆదివారం ఆదివారం గొంతు చించుకుంటడు కదా, మైసత్త ఒక్కదాని బదులు పోయిందంటే నమ్మనీకి ఏం నొప్పి? ... కోపం వచ్చిందా నా మీద? రాదా? రావాలె మరి. నాకైతే నా మీద ఈ ముప్పై నాలుగేండ్లు పోలే. ఆమె తర్వాత జాడి నేనే నింపుతున్న కదా, భస్మ బుధవారం వచ్చిందంటే రెండు దినాల ముందే రిజిస్టర్ ముంగటేసుకోని కూసునేదాన్ని. గని నా నాలికకు ఆ గుణం లేదు. పేర్లన్ని వచ్చేటివి. పోయేటోళ్లు పోయేది, వాళ్ల పేర్లు కూడ మంచిగనే వచ్చేటివి. నేను ఉత్త మనిషినే, దేవా నీకు వందనాలు అనుకునేదాన్ని.

ఈసారి? ఈసారి కూడ నింపిన. ఇయ్యాలకు ముప్పై ఆరు దినాలు. నేనొక్కదాన్నే ఉంటి, ద్రాక్ష కడిగేటోళ్లు ఎవలున్నరు ఇప్పుడు. ఊరంత అయింది, మనింటికి వచ్చిన. నవనీత అన్న. వచ్చింది. మీ నాయిన శ్రీనివాస్, వచ్చింది. నీ తమ్ముడు సందీప్, వాని పేరు కూడ వచ్చింది. ఇగ మనింట్ల నాది కాక ఒక్క పేరే ఉన్నది. నోరు తెరిచిన.

ఏడ్వకు. ఇటు సూడు. కాళ్లు చేతులు మంచిగున్నయా? మొన్న బైక్ మీదికెల్లి పడితే గీత కూడ పడలే అన్నవ్ కద. మరి? నీది పోసిన నేను. నోటికి రాకుంటే ఏంది, ఏలుతోని జాడి మీద రాసిన, జ కింద య ఒత్తు, త కింద స ఒత్తు, దాని కింద న ఒత్తు, ఏం పేరు పెట్టిండ్రే నీకు, ఒత్తులకే ఊపిరి పోయింది. మూడో తరగతి సదువు, పొట్లాల కాయితాలు సదివి సదివి నేర్చిన అక్షరాలు, గాడ పనికొచ్చినయి. రాసి పోసిన, పిసికిన.

గుడ్డ మీదనా? ఆఁ. ఒకటి ఉన్నది.

మీ అమ్మకు ఇప్పుడే చెప్పకు, పండుగ ఎల్లినంక చెప్పు. తియ్యి, ఫోటో తియ్యి, ఫోన్ కదలనీయకు, ఎలుగు పోతున్నది. సీసా ఒక్కదాన్నే రానియ్యి. అయిందా? ఏది, సూపియ్యి... మంచిగ వచ్చింది. అగో, కోళ్లు మిరపకాయల మీద పడ్డయి. లే, ఉరుకు, కొట్టు వాటిని.