గాలిని కోసిన మిషను

డిసెంబరు పధ్నాలుగు, ఆదివారం, మధ్యాహ్నం మూడుంపావు. మా అబ్బాయి మన్మథరావు నీ కొడుకు హరిబాబుతో "రేపట్నుంచి నువ్వు షెడ్డుకి రానక్కర్లేదు" అన్న వేళ అది. గడియారం ఎందుకు చూశానో తెలీదు రాజులప్పా. మనిషి మొహం చూడలేనప్పుడు కళ్ళు ఎటో ఒకవైపు తిప్పుకోవాలి కదా. గోడ మీద అది కనిపించింది.

అయ్యో, లేవకు. టీ వద్దు. శనివారం, ఒంటిపూట నాకు. పలాసలో పాసింజరెక్కాను, స్టేషన్ నుంచి నడిచే వచ్చాను. మంచినీళ్ళు చాలు. చేట కింద పెట్టకు, బియ్యం ఏరుకుంటూనే విను.

హరిబాబు లేడేటి? మూలపేట పోర్టు పనికా? ఇరవై ఏళ్ళు మా మిషన్ల షెడ్డులో సానరాయి మీద బ్లేడు పట్టినవాడు అక్కడ ఇనుపచువ్వలు మోస్తున్నాడా? సరే. నన్నేం అడుగుతావులే, అడక్కు.

నేనొచ్చింది ఎగ్జిబిషన్ సంగతి చెబుదామని. మళ్ళీ బుక్ చేశాడు మావాడు. ఈసారి మూలమీది స్టాలుట. రెండు వైపుల నుంచీ కనబడుతుందిట. ఎవరికి కనబడాలి నాయనా అన్నాను. "నీకు తెలీదమ్మా, మార్కెట్" అన్నాడు.

నాకు తెలీదా? మొన్న జూలైలో మూడు రోజులు హైదరాబాదులో ఆ హాల్లో కూర్చున్నదాన్ని కాదేటి! మా మావయ్య తాతారావుగారి ఫొటో పందిరంత చేసి వెనక వేలాడదీశాడు. దాని కింద గుండ్రటి కుర్చీ, అందులో నేను. "అమ్మ కూర్చుంటే జనానికి నమ్మకంగా ఉంటుంది" అన్నాడు. జీడిపిక్కలు కోసే కటింగ్ మిషను ఒకపక్క, దాన్ని తయారుచేసిన ఇంటి కోడలు ఇంకోపక్క. రెంటికీ దుమ్ము తుడిచారు.

నేను ఎండల మల్లన్న పటం పట్టుకెళ్ళాను. రావివలసలో గుడికి కప్పు కూడా వద్దని ఎండలో నిలబడ్డ స్వామి! ఆయన్ని తీసుకెళ్ళి ఏసీలో పెట్టాం చూడు, అక్కడే అనుకున్నాను ఇది సవ్యంగా జరిగే పని కాదని. దీపం పెట్టబోతే టై కట్టుకున్న కుర్రాడొకడు పరుగున వచ్చాడు. నిప్పు కూడదుట. బ్యాటరీ దీపం తెచ్చి పెట్టాడు. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం మారుతుంది. స్వామి ముందు మూడు రోజులూ డాన్సే.

అసలు సంగతి విను. పిక్కలు కొయ్యకూడదుట! రెండు బస్తాలు ఉడకబెట్టి, ఆరబెట్టి, లారీలో వేసుకెళ్ళాం. జీడినూనె పడితే తివాచీ మీద మరకవుతుందిట. బస్తాల మూతి విప్పనివ్వలేదు. మరి మీవాడేం చేశాడనుకున్నావు? పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా మెడలో కార్డు వేసుకుని, కాలితో తొక్కి, చేత్తో లాగి, గాలిని కోశాడు. టక్కు, టక్కు, టక్కు. వచ్చినవాళ్ళు తలాడించేవారు. "చాలా స్మూత్‌గా ఉందండీ!" గాలి స్మూత్‌గా తెగదేటి? గాలిలో విరగని గుండు ఎక్కడ, విరిగిన బద్ద ఎక్కడ?

మీవాడు నా వైపు వంగి, "పిన్నీ, రోజంతా కోత్తన్నాను, ఒక్క బద్దా అవనేదు. ఇలాటి పిక్క మనూర్లో దొరికితే బాగున్ను" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

కొనేవాళ్ళా? మా ఎదర స్టాలు వాడివీ మిషన్లే, పక్కవాడివీ మిషన్లే. పొద్దున్న వాళ్ళొచ్చి మాది చూసేవారు, సాయంత్రం మేం వెళ్ళి వాళ్ళవి చూసేవాళ్ళం. మిగతా జనం సంచుల కోసం. ఒక సంచి ఇస్తే దాన్ని ఇంకో సంచిలో పెట్టుకుని ముందుకి. ఒకావిడ వచ్చి అరగంట నిలబడింది. అన్నీ అడిగింది. ఆఖర్న, "ఇంతకీ పప్పు ఎక్కడ పంచుతున్నారండీ?" అంది.

రెండోరోజు ఎవరొచ్చారో చెప్పు. ఢిల్లేశ్వరరావు! కాశీబుగ్గలో మా వెనక వీధి, వాడి ఫ్యాక్టరీ గంట మా దేవుడిగదిలోకి వినపడుతుంది. "ఏటత్తా, మీరూ వచ్చేరా?" అని, మా మిషన్ని చుట్టూ తిరిగి కొత్తగా చూశాడు. వాడి దగ్గర మావి పద్దెనిమిదున్నాయి. వెనక వీధి మనిషికి మొహం చూపించడానికి రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్ళామన్నమాట.

మావాడి వాదన వాడికుందిలే. వెళ్ళకపోతే మూసేశారనుకుంటారుట. కావచ్చు. ఒక్క బేరం కుదిరింది, అబద్ధమెందుకు, ఒడిశా ఆయన. ఇచ్ఛాపురంలో ఆయన మేనమామ దగ్గర మన మిషనుంది. ఆయన ఎలాగూ వచ్చేవాడే, ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి.

అది కాదు అప్పా. ఎగ్జిబిషన్ అంటే మా మావయ్య పెట్టేది. మిషన్ని రిక్షాబండి మీద వేసుకుని, తనే వెనక నుంచి తోసుకుంటూ నువ్వు పిక్కలు కోసే ఫ్యాక్టరీకి తెచ్చి, నీ ముందు దించేవాడు కదా! నేను కొత్తకోడల్ని, క్యారేజీ పట్టుకొచ్చేదాన్ని. మొదటి మిషను మీద రోజంతా కోసి, లేచి, నడుం పట్టుకుని ఏమన్నావో జ్ఞాపకముందా? "ఏటి బాబూ, ఇది పిక్కల్ని కోత్తాదా, నా నడుం కోత్తాదా?" ఫ్యాక్టరీ అంతా గొల్లుమంది. మావయ్యకి కోపం రాలేదు. మర్నాడు పీట నాలుగు వేళ్ళంత దింపి తెచ్చాడు.

ఆ తర్వాత మూడు రోజులు బోర్లించిన గంప మీద కూర్చుని నీ చెయ్యే చూశాడు. నువ్వు ప్రతి పిక్కనీ బ్లేడు మధ్య పెట్టేముందు ఎడమ బొటనవేలితో రవ్వంత వాల్చేదానివి. ఎందుకని అడిగితే నీకే తెలీదు. "అలాగైతే గుండొత్తాది బాబూ" అన్నావు. మన ఉద్దానం పిక్క చిన్నది, వంకరది. పొట్ట ఒకవైపుంటుంది. నిటారుగా పెడితే పప్పు బద్దలైపోతుంది. మావయ్య ఇంటికొచ్చి కింది బ్లేడుని ఒక అంచున సాన పట్టాడు. ఎంత? నీ చేటలో ఉంది చూడు, ఆ బియ్యపుగింజంత. అంతే. ఇంక ఎవరి వేలూ వాల్చక్కర్లేదు, మిషనే వాల్చుకుంటుంది. నిన్నగాక మొన్న పనిలోకొచ్చిన పిల్ల కూడా గుండ్లు తీసింది. మా ఇంటి అన్నం అదే. నీ వేలు, ఆయన సాన.

కాయితం మీద ఎక్కడా రాయలేదు, విప్పి చూసినవాడికి అరిగిన అంచులాగే ఉంటుంది. మావయ్య నుంచి మా ఆయనకి, ఆయన నుంచి మన్మథరావుకి, హరిబాబుకి. చేత్తో పట్టేది మీవాడొక్కడే.

డిసెంబరులో ఒక లారీ వచ్చింది. ఆకుపచ్చ రంగు మిషన్లు ఆరు, ఎక్కడివో, ఎవరివో. ఢిల్లేశ్వరరావు ఫ్యాక్టరీలోనే దించారు. మన్మథరావు వెళ్ళి కింది బ్లేడు విప్పి వేలితో తడిమాడు. ఒక అంచున బియ్యపుగింజంత. ఇంటికొచ్చేసరికి వాడి మొహంలో రక్తం లేదు.

ఇంకెవరిని అనుమానిస్తాడు? "నీకూ నాకూ తప్ప ఎవడికి తెలుసురా?" అన్నాడు మీవాడితో. "హైదరాబాదులో మూడు రోజులున్నావు, ఎవడికి చెప్పావు, ఏం తీసుకున్నావు?"

హరిబాబు తల ఎత్తాడు. మన్మథరావు వైపు కాదు, నా వైపు. ఒక్కసారే. మళ్ళీ దించేసుకుని, "నేనెవులికీ సెప్పనేదు అన్నా" అన్నాడు. అంతే.

నీకూ చెప్పలేదా? చెప్పడులే. చెప్పి ఉంటే నన్ను గుమ్మం ఎక్కనిచ్చేదానివి కాదు.

రెండోరోజు మధ్యాహ్నం, ఢిల్లేశ్వరరావు వెళ్ళిన తర్వాత, ఒక కుర్రాడొచ్చాడు. బూట్లు విప్పి స్టాల్లోకి అడుగుపెట్టాడు, స్వామి పటం ఉందని. మూడు రోజుల్లో బూట్లు విప్పింది వాడొక్కడే. మిషను వైపు చూడనే లేదు. ఫొటో చూసి, "ఈయనెవరమ్మా? కళ్ళు ఎంత బాగున్నాయి!" అన్నాడు. నా కాళ్ళ దగ్గర ఆ తివాచీ మీదే కూర్చున్నాడు.

ఆయన కథ అడిగిన మనిషేడీ రాజులప్పా, మా ఇంట్లో? నేను మొదలుపెడితే మనవలు ఫోను చూస్తూ ఊ కొడతారు. మన్మథరావు "తెలుసులేమ్మా" అంటాడు. వీడు అడిగాడు. అడిగి, విన్నాడు.

చెప్పాను. రిక్షాబండి చెప్పాను, గంప చెప్పాను, నీ వేలు చెప్పాను. రాజులమ్మ అని నీ పేరు కూడా చెప్పాను, గొప్పగా. ఏ బ్లేడు, ఏ అంచు, ఎంత, అన్నీ. గోరు మీద చూపించి మరీ చెప్పాను. వాడు, "ఇంతేనా అమ్మా!" అన్నాడు. "ఇంతే నాయనా, ఆయన బుర్ర అలాంటిది" అన్నాను. లేచి నా కాళ్ళకి దండం పెట్టాడు. చల్లగా ఉండమని దీవించాను.

మీవాడు రెండు బారల దూరంలో ఉన్నాడు. మిషను ఆపేసి వచ్చాడు. "పిన్నీ, టీ సల్లారిపోతంది, రా" అన్నాడు. రెండుసార్లు వచ్చాడు. "ఉండరా, పెద్దాళ్ళ సంగతి చెబుతుంటే" అని నేనే కసిరాను.

నోరు విప్పింది నేను. దొంగ అనిపించుకుంది వాడు.

ఎందుకలా చూస్తావు? తిట్టు. నీ చెయ్యి ఆగిపోయింది, పోనీ లే, ఏరకు.

నలభై రోజులైంది. మన్మథరావుకి ఇంకా చెప్పలేదు. రోజూ స్వామికి చెప్పుకుంటున్నాను, ఆయనకి ముందే తెలిసిన సంగతి. మల్లన్నతో చెబితే సిగ్గు లేదు, కొడుకుతో చెబితే ఉంది. ఇదీ నా భక్తి. ఎగ్జిబిషన్ని ఇంతసేపు తిట్టాను కదా, అందులో సగం నిజమే. మిగతా సగం, మళ్ళీ ఆ కుర్చీలో నన్ను కూర్చోబెడతాడని భయం.

ఇవాళ ఇంటికెళ్ళి వాడికి చెబుతానని నీకు ఒట్టు వెయ్యను. చెబుతాననే నిన్నా అనుకున్నాను.

ఇంకొకటుంది, అదీ నా నోటితోనే విను. మీవాణ్ణి పొమ్మన్న మర్నాడు, సోమవారం పొద్దున్న. హరిబాబు వెళ్ళేముందు షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టే వెళ్ళాడు. అయినా మావాడు, నకలు తీయించుకుని ఉంటాడని, బజారుకెళ్ళి కొత్త తాళం తెచ్చాడు. కొత్త వస్తువు కదా, నా చేతికిచ్చాడు. కాదనలేదు నేను. దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని ఇచ్చాను. వాడు తీసుకెళ్ళి తలుపుకి వేశాడు.